ఎర్ర తారకు అడ్డంగా

“నీ తార ఈడి కెమెరాల మళ్ళా మసకబారింది. కానీ వరంగల్ కెమెరాల మామూలుగనే ఉన్నది. జర చూడు,” అంటూ శ్యామ్ ల్యాప్‌టాప్‌ను పక్క కుర్చీలోని ఉమాశ్రీ వైపు తిప్పాడు.

హైటెక్ సిటీలో ఉద్యోగం ఇద్దరిదీ, తీరిక దొరికితే తారలు. ముసలితనంలో ఉబ్బి, చల్లారి, ఎర్రబడిన తారల వెలుగు నెలల తరబడి మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్ని కొలవడానికి ఊరూరా ఔత్సాహికులు ఇళ్ళ దగ్గర కెమెరాలు పెట్టి ఆకాశాన్ని సర్వే చేస్తున్నారు. ఆ సర్వేలోనే ఒక ఎర్ర తార ఉన్నట్టుండి ఆరిపోయి, తిరిగి వెలగడం ఉమాశ్రీ కనిపెట్టింది. రేపు ఆ ఔత్సాహికుల సభలో దాని గురించే ఆమె మాట్లాడాలి.

“ఒక్క కెమెరాలోనే ఆరిందంటే ఏదో అడ్డం వచ్చినట్టే. అసలు ఫొటో తెరువు,” అంది ఉమాశ్రీ.

అంతవరకూ వాళ్ళు చూసింది అంకెలే. ఫొటో తెరిచారు. నగరపు దీపాల కాంతికి గోధుమరంగు తిరిగిన ఆకాశం. దాని మీద నల్లగా ఒక తల, భుజాలు. తర్వాతి ఫొటోలో తల ఇంకాస్త దగ్గరికి వచ్చింది.

“ఎవడో లోపలికి తొంగి చూస్తుండు,” అన్నాడు శ్యామ్. “ఎవరిది గీ కెమెరా?”

“తెల్లాపూర్‌లో పట్టాభిరామయ్యగారని, కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఫోన్లో పరిచయమే.”

ఆ సాయంత్రమే ఉమాశ్రీ ఆయన ఇంటికి బయల్దేరింది. లిఫ్టులో చెవులు దిబ్బడ వేశాయి.

“రండమ్మా, రండి! మన తార ఎలా ఉంది?” అన్నారు పట్టాభిరామయ్య తలుపు తీస్తూనే.

“దానికేం, బాగానే ఉందండీ. మీరే అడ్డం వస్తున్నారు,” అని నవ్వుతూ ఫొటో చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. “నేను కాదమ్మా. బిగించాక నేనసలు ముట్టుకోలేదు.”

కాఫీ తెచ్చిన ఆయన భార్య వీరలక్ష్మి తొంగి చూసి, “నేనెందుకెళ్తానమ్మా అక్కడికి!” అంది.

“అయితే వాచ్‌మనో, పిల్లలో అయ్యుంటారు ఆంటీ. మేడ మీదకెళ్ళే తలుపుకి తాళం వేయించండి. ఇంకొక్క రోజు ఆలస్యమైతే సభలో నా పరువు పోయేది.”

“మేడ మీదకా?” ఆయన గొంతు తగ్గింది. “ఇది మా కెమెరా తీసిందేనా అమ్మా?”

“మీదేనండీ. ఏం?”

వీరలక్ష్మి వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలాగే నడిచి కిటికీ తెర పక్కకు లాగారు.

ఉమాశ్రీ అద్దానికి ముఖం ఆనించింది. ఇరవై ఏడో అంతస్తు గోడకు బయట, పొడుగాటి ఇనుప కమ్మీ చివర, కెమెరా ఆకాశంలోకి చూస్తోంది. ఎక్కడో కింద రోడ్డు మీద బస్సులు అగ్గిపెట్టెల్లా కదులుతున్నాయి.

దాని ముందు కాలు మోపే చోటే లేదు.