ఎడమ చేతి ఎక్స్‌రే

పద్నాలుగేళ్ళ లోపు పిల్లల పరుగు పందేలకి వయసు తేల్చే డాక్టరు ఎవరి మాటా నమ్మడు. ఎముకనే నమ్ముతాడు. పెళ్ళిచూపుల్లో భార్య వయసు విని కూడా మణికట్టు వంక చూశాడని ఆయన బావమరిది ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

మైదానం పక్క గదిలో ఎక్స్‌రే మిషను, దీపం పెట్టె, ఎముకల బొమ్మల పుస్తకం ఉన్నాయి. పుట్టిన తేదీ కాగితం లేని పిల్లలు అక్కడికొచ్చి ఎడమ చెయ్యి పలక మీద ఆనించాలి. ఎదిగే పిల్లల ఎముకల చివర సన్నటి సందు కనిపిస్తుంది. వయసు వచ్చేకొద్దీ అది మూసుకుపోతుంది. పద్నాలుగు దాటలేదని డాక్టరు ముద్ర వేస్తేనే పందెం. లేకపోతే పేరు కొట్టేస్తారు.

ఆ పొద్దున అప్పటికే ముగ్గుర్ని వెనక్కి పంపాడు. మూడోవాడి గడ్డం మీద బ్లేడు గాటు ఇంకా ఆరలేదు.

నలభై ఏడో నంబరు పిల్ల లోపలికొచ్చింది. పక్కనున్న తల్లి కంటే జానెడు పొడుగు.

“వయసెంత?”

“పదమూడు సార్,” అంది తల్లి.

“నేను అడిగింది పిల్లని.”

పిల్ల తల్లి వంక చూసింది. “పదమూడు.”

ఆ చూపు డాక్టరుకి నచ్చలేదు. పిల్ల చెయ్యి తిప్పి చూశాడు. అరచెయ్యి కాయలు కాసి ఉంది. చూపుడువేలి మీద సన్నటి కోతలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. బాగా ముదిరిన చెయ్యి. ఏళ్ళ తరబడి కసరత్తు చేయిస్తున్నారన్నమాట అనుకున్నాడు. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జుట్టులో తెల్లటి నూగు. రెండుసార్లు దగ్గింది.

“ఆ బూట్లు ఎవరివి? అంత పెద్దవి?”

“పక్కింటి అబ్బాయివి సార్. లోపల గుడ్డ కుక్కాం.”

“పందేనికి వచ్చిన పిల్లకి సొంత బూట్లు లేవా?”

తల్లి మాట మార్చేసింది. “ఎక్స్‌రే తీశాక కాగితం ఇస్తారు కదా సార్? దాని మీద గుండ్రటి ముద్ర ఉంటుందా?”

డాక్టరు ఆమెని ఎగాదిగా చూశాడు. మిషను చూసి ఏడ్చిన తల్లుల్ని చూశాడు. కళ్ళు తిరిగి పడిపోయిన తండ్రుల్ని చూశాడు. పిల్లని లాక్కుని పారిపోయిన మేనమామని కూడా చూశాడు. ఎక్స్‌రే కోసం ఇంత తొందరపడే మనిషిని చూడటం ఇదే మొదలు.

“ఇంతకు ముందు ఎక్కడైనా తీయించావా?”

“పెద్దాసుపత్రికి వెళ్ళాం సార్. చీటీ లేకుండా తీయం పొమ్మన్నారు.”

ఓహో, ఒక్కో చోటా అదృష్టం పరీక్షించుకుంటోంది అనుకున్నాడు డాక్టరు.

ఫిల్ము దీపం పెట్టె మీద పెట్టాడు. పుస్తకంలో పదమూడో ఏటి బొమ్మ తీశాడు. సరిపోయింది. పదిహేనో ఏడు తీశాడు. సరిపోలేదు. పదమూడుకే తిరిగొచ్చాడు. సందులన్నీ తెరుచుకునే ఉన్నాయి.

“ఇంకోటి తియ్యి,” అన్నాడు టెక్నీషియన్‌తో. “ఈసారి నేను పక్కనే నిలబడతాను.”

“చెయ్యి మారదు కదా సార్,” అని గొణిగాడు టెక్నీషియన్.

రెండోదీ అదే చెప్పింది. నిరుడు ఒక ముదురు పిల్లాడు ఈయన కళ్ళుగప్పి పతకం కొట్టుకుపోతే పేపర్లో పడింది ఈయన ఫొటోనే. మళ్ళీ అలాంటిది జరిగితే తట్టుకోలేడు. కానీ ఎముక మాట కాదనలేడు. విసురుగా సంతకం గీకాడు.

“పదమూడని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి సార్.”

“ఇంకా నయం, ఫ్రేము కట్టించమనలేదు. ముందు పందెం గెలవనీ.”

ఆమె నవ్వలేదు. కాగితం మీద ముద్ర తడి ఆరేదాకా ఊదింది. మడత పెట్టి జాకెట్లో దాచుకుంది.

డాక్టరు పని మానేసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఈల మోగింది. పిల్ల ఇరవై అడుగులు పరిగెత్తి దగ్గుతూ వంగిపోయింది. ఒక బూటు ఊడింది. దాన్ని చేత్తో పట్టుకుని, నడుచుకుంటూ, అందరికంటే చివర్న గీత దాటింది. జనం ఈలలు వేశారు.

తల్లి మాత్రం ఎదురెళ్ళి పిల్లని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ నవ్వుతున్నారు.

డాక్టరుకి ఒళ్ళు మండింది. ఓడిపోయినందుకు సంబరమా? ఇందులో ఏదో మెలిక ఉంది. తన ముద్ర చూపించి ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లని పరిగెత్తిస్తారు. అంతే, అదే అయ్యుంటుంది. తెల్లకోటు విప్పి కుర్చీ మీద పడేసి వాళ్ళ వెనకాలే బయల్దేరాడు.

తల్లి బస్సు స్టాపు దాటిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుని రెండు వీధులు పరుగులాంటి నడకతో నడిచింది. పొడవాటి గోడ, ఇనప గేటు ఉన్నచోట ఆగింది. పిల్ల అడుగు వెనక్కి వేసింది. ఆ మొహంలో భయం చూసి డాక్టరు కరెంటు స్తంభం వెనక నక్కాడు. దొరికారు అనుకున్నాడు.

తల్లి ఒక్కతే వెళ్ళి గేటు పక్క చిన్న కిటికీ తట్టింది.

“మీ నూలు మిల్లు రిజిస్టర్లో పద్దెనిమిదేళ్ళని రాసుకున్న మా పిల్లకి పదమూడేనని డాక్టరు గారు ముద్ర వేసిచ్చారు,” అంటూ ఆమె కాగితాన్ని చువ్వలకి ఆనించి పట్టుకుంది, “వాళ్ళ నాన్న చేత సంతకం పెట్టించుకున్న ఆ మూడేళ్ళ ఒప్పందం చింపెయ్యండి, ఇక అది రాత్రి షిఫ్టుకి రాదు.”