పైలోయకు అనుమతి

"ఈ రోజుకు మిగిలింది ఒక్కటే అనుమతి. చీట్లు తీస్తే మార్గిట్ గారి పేరొచ్చింది," అన్నాడు అటవీ కార్యాలయంలోని రేంజరు.

కొండమీది పైలోయలో రాత్రి బస చెయ్యాలంటే ఆ కాగితం ఉండాల్సిందే. వరుసలో వెనకున్న ఇంగ్రిడ్ గబగబా వచ్చి మార్గిట్ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, అది నాకిచ్చెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

"భలేదానివే! ఆరేళ్లుగా ప్రార్థిస్తే ఇవాళ దేవుడు కరుణించాడు. లోయ ఎక్కడికీ పారిపోదులే, వచ్చే ఏడు చూద్దువుగాని."

"చూడ్డానికి కాదండీ. మా తమ్ముడు అక్కడికెళ్లి తిరిగి రాలేదు. నిన్నటితో వెతకడం ఆపేశారు. మంచు పడితే ఇక దారుండదు."

మార్గిట్ చేతిలోని కాగితం వైపు చూసింది. తన మొర విన్న దేవుడికి ఈ పిల్ల మొర వినిపించలేదా?

"అనుమతి చేతులు మారకూడదండీ," అన్నాడు రేంజరు తల దించుకుని.

"మారొద్దులే నాయనా. నేనూ మా ఆయనా వెళ్తున్నాం. మాతో మూడో మనిషి రావచ్చా?"

"రావచ్చండీ."

ఇంగ్రిడ్ ఏడుపు ఆపుకోలేకపోయింది. మార్గిట్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ముగ్గురం వెతుకుదాం. మీ తమ్ముడి కోటు ఏ రంగమ్మా?" అంది.

"పసుప్పచ్చదండీ."

మార్గిట్ కిటికీలోంచి కొండవైపు చూసింది. ఆకురాలే ముందు వాలు నిండా చెట్లన్నీ పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. ఆ రంగు చూడాలనే ఆమె ఇన్నేళ్లూ దేవుణ్ణి వేడుకుంది.