పచ్చ చిలకల ఉయ్యాల

"చిలకలు పచ్చవి కట్టించేదా, ఎర్రవా? నువ్వే సెప్పు గోమతీ."

అత్త జానకమ్మాళ్ ఆ మాట అడిగేసరికి గోమతి చేతిలోని చిక్కుడుకాయ పుటుక్కున విరిగింది. అడిగింది గోమతి బిడ్డ ఉయ్యాలకైతే ఏ గొడవా లేదు. అది తోడికోడలు కర్పగం బిడ్డ కోసం. తొమ్మిదో నెల మోస్తున్నది గోమతి. కర్పగానికి ఇంకా ఐదో నెలైనా నిండలేదు. అయినా మేట్టుపాళయం నుంచి టేకు చెక్క తెప్పించి, వడ్రంగి తంగవేల్‌ను కూర్చోబెట్టింది కర్పగం కోసమే.

"నన్నెందుకత్తా అడిగేది? ఆమెనే అడగండి."

"ఆమె చిన్నపిల్ల, పావం. ఆమెకేమి తెలుసు? నీకేది ఇష్టమో అదే సెప్పు."

ఎర్రవని చెప్పి ఉయ్యాల అందం చెడగొడదామనుకుంది గోమతి. పాడు నోరు నిజమే చెప్పింది.

"పచ్చవి."

"సెరి. పచ్చవే."

"మరి నా బిడ్డకో?"

జానకమ్మాళ్ లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళింది. ఎవరికో వినబడాలన్నట్టు గొంతెత్తింది. "గోమతి బిడ్డకేమీ కొనేది లే! పాత సీర పేలిక సాలు! కొనేదంతా కర్పగం బిడ్డకే!"

మిల్లు సంగు కూసి అందరూ పనిలోకి పోయిన వేళ అది. వీధిలో పిట్ట కూడా లేదు. అయినా గోమతికి నలుగురిలో చెంపదెబ్బ తిన్నట్టయింది.

మొదటి కాన్పుకు ఉయ్యాల తానే ఎంచుకుంది గోమతి. లేసు పెట్టి గౌన్లు కుట్టింది. రెండో కాన్పుకూ అంతే. ఇద్దరు బిడ్డలూ నిలవలేదు. ఆ ఉయ్యాల అటకెక్కి, చివరికి ముక్కలై పొయ్యిలోకి దిగింది. ఇప్పుడు అత్తకు తన కడుపు మీద ఆశే పోయిందన్నమాట. బతికే మనవడు కర్పగం కడుపులోనే ఉన్నాడని తేల్చేసుకుందన్నమాట! ఆ ఊహ రాగానే గోమతికి కర్పగం మీద కడుపు రగిలిపోయింది.

అసలు అత్తకు చిన్నకొడుకంటే మొదటినుంచీ ఒక మెట్టు ఎక్కువే. పెద్దవాడు రంగరాజన్ తర్వాత పుట్టినవాళ్ళందరూ పోయారట. అందుకని ఈ బిడ్డను చెత్తకుప్పలో దొర్లించి, ఎదురింటి ఇరుళాయికి చేటెడు తవుడికి అమ్మేసి, ఇది నా బిడ్డే కాదని చెప్పుకుని, యముడి కళ్ళలో దుమ్ము కొట్టి దక్కించుకుందట. అందుకే కుప్పుస్వామి అని పేరు. అంత తంటాలుపడి దక్కించుకున్న కొడుకు పెళ్ళామంటే ముద్దు ఉండదా మరి!

ఒకప్పుడు కర్పగమంటే గోమతికీ ముద్దే. ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, ఒకరు బయట చేరితే ఇంకొకరు పొయ్యి అందుకునేవాళ్ళు. కుప్పుస్వామికి మిల్లువాళ్ళు లైన్‌లో ఇల్లు ఇచ్చాక కాపురాలు వేరయ్యాయి. ఆ తర్వాత కర్పగానికి నెల తప్పిందన్న కబురు తెచ్చింది అత్తే. కబురుతోపాటు ఒక కట్టడి కూడా పెట్టింది.

"ఇద్దరు సూలింతలు ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. ఒకరి మొగం ఒకరు సూడకూడదు."

నాటినుంచి కర్పగం ఇటు రాలేదు. సామాన్లు మాత్రం అటు పోతూనే ఉన్నాయి. మల్లు గుడ్డ పోయింది, రబ్బరు షీటు పోయింది, వసకొమ్ము పోయింది, వెండి మొలతాడు పోయింది. ఒక్కొక్కటి గడప దాటినప్పుడల్లా గోమతి కడుపులో బిడ్డను రెండు చేతులా పట్టుకుని గోడకు తిరిగి కూర్చునేది.

గురువారం తంగవేల్ ఉయ్యాల దించాడు. నాలుగు పచ్చ చిలకలు, ముక్కులు మాత్రం ఎర్రవి. గోమతి మనసులో ఉన్నది ఉన్నట్టు చెక్కాడు. రంగరాజన్ దాన్ని ఎద్దులబండిలోకి ఎక్కిస్తున్నాడు.

"ఏమండీ, మీ బిడ్డ ఉండేది నా కడుపులో. మరిచిపోతిరా?"

"అమ్మ సెప్పింది గోమతీ. నేను మోస్తా ఉండా, అంతే."

"తమ్ముడి బిడ్డకు మోసేదానికి ఎంత ఉత్సాహం!"

అతను తల వంచుకుని తువ్వాలుతో ఉయ్యాల అంచును తుడిచిందే తుడిచాడు. భార్య ముఖం చూసే ధైర్యం లేదనుకుంది గోమతి. ఆ రోజు అతనికి అన్నం వడ్డించి మంచినీళ్ళు పెట్టకుండా లేచిపోయింది.

మర్నాడు శుక్రవారం. అత్త కోవెలకు వెళ్ళింది. గోమతి ఇక ఉండలేకపోయింది. కట్టడీ లేదు, గిట్టడీ లేదు! నడుము పట్టుకుని, ఆయాసపడుతూ, అడుగడుగునా కర్పగాన్ని తిట్టుకుంటూ మిల్లు లైన్‌కు నడిచింది. 'నీ బిడ్డకు టేకు ఉయ్యాల, నా బిడ్డకు పేలికా? ఆ ఉయ్యాల నాది. ఆ చిలకలు నావి. ఇవ్వకపోతే విరిచి పారేస్తాను' అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది.

వీధి తలుపు వేసి ఉంది. కిటికీలోంచి ఉయ్యాల కనబడింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, లోపల మెత్తటి గుడ్డ పరిచి ఉంది. ఆ చిలకలను చూసేసరికి గోమతికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చుట్టు తిరిగి పెరట్లోకి వెళ్ళింది.

కర్పగం పెరటి అరుగు మీద, ఒళ్ళంతా కొంగు కప్పుకుని, మోకాళ్ళు ముడుచుకుని ఒక్కతే కూర్చుంది. గోమతిని చూసి దయ్యాన్ని చూసినట్టు అదిరిపడింది.

"అక్కా! నువ్వెందుకు వస్తివి? అత్త వద్దనింది కదా!"

"ఎందుకొస్తినా? నా బిడ్డ నోటి ముందరిది నువ్వు లాక్కుంటే సూస్తా ఉండేదా? లే! ఆ ఉయ్యాల ఎవరిదో ఈరోజు తేలిపోవాల!"

గోమతి అరుగెక్కి, ఆమె రెక్క పట్టుకుని లేపబోయింది. కర్పగం గోడకు అంటుకుపోయి, రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"తాకొద్దక్కా, పొద్దునే బయట చేరితిని!"