కుర్చీకి తిట్లు

గదిలో అడుగు పెట్టగానే హన్నెలె మొహం చిట్లించింది. గుమ్మం దగ్గర విప్పిన బూట్ల నుంచి మంచు కరిగి కారుతోంది. తడి మేజోళ్ల కంపుకి మాడిన కాఫీ కంపు తోడై ముక్కు పగిలిపోతోంది. ఇలాంటి చోట పిల్లలకి కోపం తగ్గించుకోవడం నేర్పుతారట. సర్కారు సొమ్ము తగలేయడానికి ఇదొక దారి.

బస్సు ఆలస్యమై ఆమె వచ్చేసరికి పాఠం సగంలో ఉంది. నేర్పే ఓస్మో ఆమెకి సోఫా చూపించాడు. గది మధ్యలో ఆమె కూతురు సెన్యా నిలబడి ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. అందులో ఒక మనిషి ఉన్నట్టు అనుకుని మనసులో ఉన్నదంతా అనేయడం ఇక్కడి పద్ధతి.

బడిలో తోటి పిల్ల ముక్కు బద్దలు కొట్టాక సెన్యాని ఈ హాస్టల్‌కి తెచ్చారు. ఇంటికి పంపాలా వద్దా అన్నది ఇవాళ ఓస్మో తేలుస్తాడు. అమ్మాయేదని తమ ఊరు కువోపియోలో ఇరుగుపొరుగు అడుగుతుంటే హన్నెలెకి తల కొట్టేసినట్టుగా ఉంటోంది. ఎలాగైనా ఇవాళ తీసుకుపోవాలి.

"గోళ్లు కొరకడం ఆపు, అసహ్యంగా," అంది.

సెన్యా నోట్లోంచి వేలు తీసి కుర్చీ వైపు తిరిగింది.

"నీ మొహం చూస్తే నాకు తిన్నది ఇమడదు, తెలుసా? ఆయన ఇల్లొదిలి పోయింది నీవల్లే. నువ్వు ఇంట్లో లేని రోజే నాకు పండగ. ఏడవకు. ఏడిస్తే ఇంకా రోతగా ఉంటావు."

హన్నెలె చెంపలు మండాయి. కన్నతల్లిని పట్టుకుని ఎన్నేసి మాటలు. ఇంత మురికి నోరు దీనికి ఎక్కణ్నుంచి వచ్చింది? నుదుటికి అతుక్కున్న జుట్టు, పెదవి మూల ఉమ్మి. చూస్తుంటేనే చీదర పుట్టింది.

"వింటున్నారా ఈ కూతలు?" అంది ఓస్మోతో. "ఇన్నాళ్లూ మీరు నేర్పింది ఇదేనా? మర్యాదన్నది మచ్చుకైనా లేదు."

ఓస్మో ఆమె వైపు చూడలేదు. "చాలమ్మా సెన్యా. మంచినీళ్లు తాగు."

సెన్యా గ్లాసు అందుకుని గటగటా తాగేసింది.

"ముందు నాకు క్షమాపణ చెప్పమనండి," అంది హన్నెలె. "ఆ తర్వాత బట్టలు సర్దుకోమనండి. బస్సు టైమవుతోంది."

"కుర్చీలో ఎవరున్నారో అమ్మకి చెప్పు," అన్నాడు ఓస్మో.

"కుర్చీలో ఉన్నది నేను," అంది సెన్యా, "ఇంతసేపూ తిట్టింది అమ్మ."