వాన పడితే నీరసం

"తొక్కమ్మా, ఇంకాస్త తొక్కు," అన్నాడు గురువుగారు.

"తొక్కుతూనే ఉన్నాను మామయ్యా. పెడల్ నేలకి ఆనింది," అంది కోడలు.

వంతెన ఎత్తు సగం ఎక్కిందో లేదో, బండికి నీరసం వచ్చేసింది. ఇంజను గొంతు చించుకుంటోంది గాని, చక్రాలు ఆ సంగతి పట్టించుకున్నట్టు లేవు. బయట కుండపోత. వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. చివరికి బండి ఒక్క కుదుపు కుదిపి ఎత్తు మధ్యలో ఆగిపోయింది.

"మామయ్యా, మీరు కాస్త వెనక్కి జారి, కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చోండి. నేను చూసుకుంటాను," అంది కోడలు మెల్లగా.

"ఇక్కడ బండి ప్రాణం పోతుంటే నా కాళ్ళ సంగతి ఎందుకమ్మా," అన్నాడాయన.

ఆయన్ని వీధంతా గురువుగారనే పిలుస్తుంది. ఊళ్ళో సగం మంది చేత స్టీరింగ్ పట్టించిన మనిషి. నేర్పే బండి కనక ఆయన కూర్చునే ఎడమ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. "అది ఉత్త అలంకారం. నా శిష్యుల దగ్గర దానికి పనే పడదు," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. అలాంటి మనిషికి ఈ వానాకాలం తలవంపులు తెచ్చిపెట్టింది. ఎండలో బాణంలా పోయే బండి, నాలుగు చినుకులు పడితే చాలు, శిష్యుల చేతిలో ముసలి గేదె అయిపోతోంది. ఆయన నడిపితే మాత్రం ఏ పేచీ పెట్టదు. తన చెయ్యి దానికి అలవాటని ఆయన నమ్మకం.

ఇవాళ మధ్యాహ్నమే కోడలికి లైసెన్సు పరీక్ష. లైసెన్సు చేతికొస్తే స్కూలు వ్యాను నడిపే ఉద్యోగం ఆమెది. రాకపోతే ఇంకొకరిది. ఆ ఉద్యోగం కోసం పిల్ల ఎంత ఆశగా ఉందో ఆయనకి తెలుసు. కొడుకు కన్నా కోడలంటేనే ఆయనకి ప్రాణం మరి.

ఆగిన బండిని ఎలాగో కదిలించి, తిన్నగా బావమరిది మెకానిక్ షెడ్డుకి పట్టుకెళ్ళారు. బావమరిది బానెట్ ఎత్తి తల లోపల పెట్టాడు, చాలాసేపటిదాకా బయటికి తీయలేదు.

"తడికి ఆ ప్లగ్గుల వైర్లలో కరెంటు కారిపోతోందేమో చూడరా," అన్నాడు గురువుగారు.

"మొన్ననేగా మార్చాను బావా."

"ఎయిర్ ఫిల్టరులోకి నీళ్ళు పోయాయేమో."

"దాంతో తల తుడుచుకోవచ్చు, అంత పొడిగా ఉంది."

నీళ్ళ పైపు తెచ్చి ఇంజను మీద ధారగా కొట్టాడు. తనే ఎక్కి, ఆ వానలోనే వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. బండి రివ్వున పోయి రివ్వున వచ్చింది.

"చూశావా, పెద్దవాళ్ళ దగ్గర ఎంత బుద్ధిగా ఉంటుందో. నేర్చుకునేవాళ్ళంటేనే దానికి లోకువ," అన్నాడు గురువుగారు.

"సరే, మీరిద్దరూ ఇంకోసారి వంతెన దాకా వెళ్ళిరండి. నేను స్కూటరు మీద వెనకాలే వస్తాను."

వెళ్ళారు. గురువుగారు పక్కన కూర్చున్నాడు, "కాళ్ళు చాపుకోండి మామయ్యా," అని షెడ్డులోనే మళ్ళీ చెప్పి కోడలు నడిపింది, బండి మళ్ళీ అదే చోట ఆయాసపడింది. ఎలాగో షెడ్డుకి చేరాక బావమరిది బానెట్ జోలికే పోలేదు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, చినుకు పడ్డచోటల్లా ఆవిరి లేస్తుంటే, అరచెయ్యి దగ్గరగా పెట్టి వెంటనే తీసేసుకున్నాడు. లేచి కోడలి వంక చూశాడు. ఆమె గొడుగు సర్దుకుంటూ ఎటో చూసింది.

"రోగం దొరికింది. పదండి, పరీక్షకి టైమవుతోంది. గ్రౌండు దాకా బండి నేను తోలతాను," అన్నాడు.

"ఏం చేశావని పదండి అంటున్నావు? ఆఫీసరు ముందు ఎత్తు మధ్యలో ఆగిపోతే పిల్ల నవ్వులపాలవుతుందిరా. వాయిదా వేయిద్దాం."

"ఆగిపోతే ఈ షెడ్డుకి తాళం వేసేస్తాను బావా. సరేనా?"

గ్రౌండులో ఆఫీసరు వచ్చి గురువుగారి సీట్లో కూర్చున్నాడు. నేర్పినవాళ్ళని లోపలికి రానివ్వరు. కంచె అవతల, నానిపోయిన మట్టిలో, ఒకే గొడుగు కింద బావా బావమరుదులు నిలబడ్డారు. వాన ఇంకా పెరిగింది.

బండి కదిలింది. మలుపు తిరిగింది. ఎత్తు మొదలైంది. గురువుగారు కంచె పట్టుకుని ముందుకి వంగాడు. సరిగ్గా సగంలో ఆఫీసరు ఆపమన్నట్టున్నాడు, ఆగింది. మళ్ళీ బయల్దేరమన్నట్టున్నాడు. బండి బెత్తెడైనా వెనక్కి జారకుండా, మూలగకుండా, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా పైకెక్కి అటు దిగిపోయింది.

గురువుగారికి కళ్ళు చెమర్చాయి.

"ఎక్కేసిందిరా. నీ కడుపు చల్లగుండా. ఇంతకీ ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు బావా."

"మరి వాన పడితే వచ్చే ఆ నీరసం?"

"పాపం అమ్మాయి నీకు మొహం మీద చెప్పలేక, కాళ్ళు చాపుకోండి మామయ్యా అని ఎన్నిసార్లు అన్నదో."

"నా కాళ్ళకీ బండికీ ఏమిట్రా సంబంధం?"

బావమరిది గొడుగు కాస్త పక్కకి వంచి, "కిందికి చూడు," అన్నాడు.

గురువుగారు కిందికి చూశాడు. ఎడమకాలు నేల మీదే ఉంది. కుడికాలు మాత్రం, అక్కడ లేని బ్రేకుని ఇంకా గట్టిగా తొక్కిపట్టి, చీలమండ దాకా బురదలోకి దిగిపోయి ఉంది.