తనిఖీ రోజు వచ్చిన టీచర్

పదకొండు కావస్తున్నా టీచర్ వేషం వెయ్యాల్సిన మనిషి రాలేదు.

సుబ్రహ్మణ్యం లోపలికీ బయటికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఫిల్మ్ నగర్ వెనక గుట్ట మీద బస్తీ పిల్లల కోసం యువజన శిక్షణ కేంద్రం కట్టి ఏడాదైంది. కుట్టు మిషన్లు వచ్చాయి. రిబ్బన్ కత్తిరించడానికి ఓ హీరో కూడా వచ్చాడు. రానిది టీచర్ ఒక్కరే. పై ఆఫీసువాళ్లు వేస్తాం, వేస్తాం అంటూనే ఉన్నారు. టీచర్ లేని చోటికి పిల్లలెందుకొస్తారు? తలుపుకి తాళం పడింది. వార్డు మెంబరు చలపతిరావు దానికేమీ బాధపడలేదు. ఖాళీ హాలు షూటింగులకి బాగానే పనికొస్తోంది.

అంతలో ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. కేంద్రం నడవడం లేదని తేలితే మిషన్లు ఇంకో వార్డుకి పోతాయి.

"ఇది ఫిల్మ్ నగరయ్యా. ఇక్కడ జనానికి కరువా? జోజికి చెప్పు," అన్నాడు చలపతిరావు, తన దగ్గర గుమాస్తాగా ఉన్న సుబ్రహ్మణ్యంతో.

జోజి జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు. పెళ్లి సీనుకి చుట్టాల్నీ, చావు సీనుకి ఏడ్చేవాళ్లనీ పంపుతుంటాడు. పొద్దున్నే, కుట్టు నేర్చుకునే పిల్లల వేషానికి అమ్మాయిల్ని వ్యానులో తెచ్చి దింపి, టీచర్ వేషానికి నీలమ్మ ఎర్రగడ్డ నుంచి బస్సులో వస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

"శిక్షణ కేంద్రం ఇదేనాండీ?"

సుబ్రహ్మణ్యానికి ప్రాణం లేచొచ్చింది. నేత చీర, కళ్లద్దాలు, చేతిలో గుడ్డసంచి. ఎండలో గుట్టెక్కి రొప్పుతోంది.

"ఇప్పుడా రావడం? ఆ బల్ల దగ్గర నిలబడమ్మా. కారు వచ్చేస్తోంది."

ఆమె ఏదో తీయబోతూ సంచిలో చెయ్యి పెట్టింది.

"టిఫినూ గిఫినూ తర్వాత. ఆఫీసరు ఏమడిగినా నేను చెప్తాను. నువ్వు పాఠం చెప్తూ ఉండు, చాలు."

ఆమె ఒక్క క్షణం తటపటాయించి అమ్మాయిల వైపు నడిచింది. పాత న్యూస్‌పేపరు పరిచి జాకెట్టు చెయ్యి కత్తిరించడం చూపించింది. కాసేపటికి నటించడానికి వచ్చిన అమ్మాయిలు నటించడం మర్చిపోయారు.

"టీచరమ్మా, గీడ ముడతలొస్తున్నయ్. ఏంజెయ్యాలె?" అంది మిషన్ తొక్కుతున్న అమ్మాయిల్లో ఒకతె, ఎల్లమ్మ.

"గుడ్డని లాగకమ్మా. దాని దారిన దాన్ని పోనివ్వు."

ఆఫీసరు వచ్చి గుమ్మంలోనే నిలబడి చూశాడు. ముఖం విప్పారింది.

"మొత్తానికి టీచర్ చేరారన్నమాట."

"చేరారండీ." అబద్ధం తడుముకోకుండా వచ్చింది సుబ్రహ్మణ్యానికి.

కారు గుట్ట దిగగానే, షూటింగు అయిపోయినట్టు చప్పట్లు కొట్టాడు. "ప్యాకప్!"

అమ్మాయిలంతా లేచి వ్యాను దగ్గరికి పోయారు. ఎల్లమ్మ మాత్రం మిషన్ వదల్లేదు.

"గీ చెయ్యి అయ్యేదాంక ఉంట సారూ."

"చాల్లే, లే."

టీచరమ్మ సుబ్రహ్మణ్యం దగ్గరికొచ్చింది. "రేపు ఎన్నింటికి రమ్మంటారండీ?"

"రేపేముందమ్మా? అయిపోయిందిగా. మళ్లీ తనిఖీ అంటూ వస్తే కబురు చేస్తాం."

"మరి ఈ పిల్లలు?"

"పిల్లలేంటి? అంతా జూనియర్ ఆర్టిస్టులే. నువ్వు మరీ వేషంలో లీనమైపోయినట్టున్నావు. ఇదిగో, ఈ రోజు కూలి, బత్తా తీసుకో."

ఆమె చెయ్యి చాపలేదు. మిషన్ల వైపు, ఎల్లమ్మ వైపు చూసింది. సంచి భుజాన వేసుకుని గుట్ట దిగి వెళ్లిపోయింది. పొగరు అనుకున్నాడు సుబ్రహ్మణ్యం. ఆ బత్తా సాయంత్రం జోజి చేతిలో పెట్టేశాడు.

నెల తిరిగేసరికి ఎల్లమ్మ వార్డు ఆఫీసుకొచ్చింది.

"ఆ టీచరమ్మ మల్ల ఎప్పుడొస్తది సారూ? గుంపుల నిలవడే పని ఇగ నాతోని కాదు. కుట్టుడొస్తే ఇంట్ల కూసోని బతుకుత."

సుబ్రహ్మణ్యానికి ఆ పిల్ల ముఖం చూస్తే సిగ్గేసింది.

ఆ వారమే పై ఆఫీసు నుంచి ఫోను. "మీకు వేసిన తెరెసా టీచర్ ఉద్యోగం వద్దని రాసిచ్చి గుంటూరు వెళ్లిపోయారు. ఇంకెవరూ ఆ గుట్ట మీదికి రామంటున్నారు. నెలాఖరులోగా మీరే ఎవర్నైనా చూపించండి, లేకపోతే మిషన్లు తీసుకుపోతాం."

ఆవిడెవరో మనకి ముఖమైనా చూపించలేదని చలపతిరావు విసుక్కున్నాడు. సుబ్రహ్మణ్యానికి మాత్రం వెంటనే నీలమ్మ గుర్తొచ్చింది. వేషానికి వచ్చిన మనిషి అంత బాగా చెప్తే, ఉద్యోగమే ఇస్తే ఇంకెంత బాగా చెప్తుందో. ఆ సాయంత్రమే జోజిని వెతుక్కుంటూ వెళ్లాడు.

"నీలమ్మా? టీచర్ ఉద్యోగమా?" జోజి నవ్వాడు. "వేలిముద్ర మనిషి సార్ ఆవిడ. సూదిలో దారం కూడా ఎక్కించలేదు."

"మరి ఆ రోజు?"

జోజి నవ్వు ఆగిపోయింది. బుర్ర గోక్కున్నాడు.

"ఆ రోజు ఆవిడకి జ్వరం సార్. అసలు రానేలేదు. ఎవరో ఒకావిడ చేసేసిందని అమ్మాయిలు చెప్పారు. మీరూ బత్తా ఇచ్చేశారు కదా అని ఊరుకున్నాను."

ఆ రోజు ఆమె సంచిలోంచి తీయబోయింది టిఫిను కాదు, ఉద్యోగం కాగితమని సుబ్రహ్మణ్యానికి అప్పుడర్థమైంది.

పిల్లలకి నేర్పడానికి మొదటి రోజే ఎండలో గుట్టెక్కి వచ్చిన తెరెసా టీచర్‌కి, తానే ప్యాకప్ చెప్పి పంపేశాడు.