లేసు నేర్పే మనిషి

చివరి రోజు మధ్యాహ్నం నా భార్య రెండు చెంచాల పాలు తాగి, ఒళ్లోని లేసు అల్లిక పక్కన పెట్టేసింది.

“ఏవండీ, నేర్చుకుంటామని ఈ ఏడాదైనా ఎవరూ రాలేదా?”

“ఈ రోజుల్లో లేసెవరిక్కావాలే, పిచ్చిదానా!”

“అయితే ఈ పని నాతోనే సరి. సూది కూడా నాతోనే పంపేయండి,” అని నవ్వింది. సాయంత్రానికి పోయింది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు చేతిపనులు నేర్పే గురువులెక్కడున్నారో చెప్పడం నా ఉద్యోగం. పదకొండేళ్లలో లేసు కోసం పంతొమ్మిదిమంది వచ్చారు. ఇల్లు సంతవుతుందనీ, నా కాఫీ ఆలస్యమవుతుందనీ, నేర్పేవాళ్లెవరూ లేరని చెప్పి అందరినీ పంపేశాను.

నిన్న ఇంకొకావిడ ఫోన్ చేసింది. రేపు ఉదయం ఆఫీసు తెరిచి, ఆమెకూ అదే మాట చెబుతాను. ఈసారి అబద్ధం కాదు.